పిల్లల వాటాకి సంతకం ఎవరు పెట్టాలి? గార్డియన్ అంటే ఓనర్ కాదు

"మా ఆయన పోయి ఏడాదైంది, ఇల్లు ఆయన పేరు మీదే ఉంది, పిల్లల్లో ఒకరికి 12, ఒకరికి 8, ఇల్లు అమ్మేసి మా అమ్మవాళ్ల ఊరెళ్లిపోదామనుకుంటున్నా, పిల్లల తరఫున నేను సంతకం పెట్టేస్తే సరిపోతుంది కదా?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎక్కడో ఒకచోట వినపడుతూనే ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే జవాబు కూడా దాదాపు ఒకటే: "తల్లివి నువ్వే కదమ్మా, నువ్వు కాకపోతే ఇంకెవరు పెడతారు." వినడానికి న్యాయంగానే ఉంది. కానీ చట్టం అలా చెప్పట్లేదు. తల్లే గార్డియన్, అందులో ఏ డౌటూ లేదు, అయితే గార్డియన్ అయినంత మాత్రాన మైనర్ పేరున ఉన్న ఇల్లూ పొలమూ అమ్మే అధికారం రాదు, దానికి ముందుగా కోర్టు పర్మిషన్ కావాలి. ఈ ఒక్క ముక్క తెలియక, లేదా తెలిసీ "ఎవడు తిరుగుతాడు కోర్టుల చుట్టూ" అని వదిలేసి చేసుకున్న రిజిస్ట్రేషన్లు మన ఊళ్లలో బోలెడు.

ముందు ఆ ఇంట్లో ఎవరి వాటా ఎంతో చూద్దాం, ఎందుకంటే సగం గొడవ అక్కడే మొదలవుతుంది. హిందూ మగమనిషి వీలునామా రాయకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి, ఆయన తల్లికి సమానంగా వెళ్తుంది. తండ్రికి ఈ మొదటి వరసలో చోటు లేదు, తల్లికి ఉంది, అంటే మామగారికి రాదు, అత్తగారికి వస్తుంది. పై కేసులో ఇల్లు 80 లక్షలు చేస్తుందనుకుంటే, అత్తగారు బతికుంటే నలుగురికి తలా 20. అందులో ఆవిడ సొంతంగా అమ్ముకోగలిగింది తన 20 మాత్రమే. పిల్లల 40 లక్షలు పిల్లలవి, ఆవిడ దానికి కాపలా. తహసీల్దార్ ఆఫీసులో తెచ్చుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఇంక అంతా అయిపోయినట్టే అనుకుంటారు చాలామంది, అది వారసులెవరో చెప్తుంది అంతే, అమ్ముకోండి అని చెప్పదు.

మనవాళ్లు మామూలుగా కలిపేసి మాట్లాడే మూడు విషయాలున్నాయి. పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది, అది కస్టడీ. పిల్ల చదువు, వైద్యం, పాస్‌పోర్టు లాంటి నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు, అది మనిషికి గార్డియన్‌గా ఉండటం. పిల్ల ఆస్తి ఎవరు చూసుకుంటారు, అది ఆస్తికి గార్డియన్‌గా ఉండటం. ఈ మూడూ ఒకరి దగ్గరే ఉండాలని రూలేం లేదు. విడాకుల్లో కస్టడీ తల్లికొచ్చినా తండ్రి గార్డియన్‌గానే మిగలొచ్చు, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లాడి పొలానికి కోర్టు ఇంకొకళ్లని గార్డియన్‌గా పెట్టొచ్చు. "పిల్ల నా దగ్గరే ఉంది కాబట్టి పొలం కౌలు డబ్బులు నాకే రావాలి" అనే వాదన ఊళ్లో పంచాయితీలో నెగ్గుతుందేమో గానీ కోర్టులో నెగ్గదు.

ఇంతకీ చట్టం దృష్టిలో సహజ సంరక్షకులు ఎవరు? 1956లోనే వచ్చిన ఇంకో చట్టం ఉంది, హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్, అందులో సెక్షన్ 6 "తండ్రి, ఆయన తర్వాత తల్లి" అంటుంది. 5 ఏళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కూడా అందులోనే ఉంది. ఆ "ఆయన తర్వాత" అన్నదాన్ని దశాబ్దాల పాటు "ఆయన చచ్చాక" అనే చదివారు. రచయిత్రి గీతా హరిహరన్ 1984లో కొడుకు పేరు మీద రిజర్వ్ బ్యాంకు రిలీఫ్ బాండ్లకి అప్లై చేసి, భార్యాభర్తలిద్దరూ ఒప్పుకునే తల్లి గార్డియన్‌గా ఉంటుందని రాసినా, కుదరదు తండ్రి సంతకం తెండి, లేదంటే మీరే గార్డియన్ అని సంబంధిత అధికారుల సర్టిఫికెట్ తెండి అని వెనక్కి పంపారు. ఆవిడ సుప్రీంకోర్టుకెళ్లారు, 1999లో తీర్పొచ్చింది: "తర్వాత" అంటే తండ్రి లేనప్పుడు అని, లేకపోవడమంటే చనిపోవడమే కానక్కర్లేదు, పిల్లల సంగతి పట్టించుకోకపోయినా, ఇద్దరూ మాట్లాడుకుని తల్లికి అప్పజెప్పినా, అనారోగ్యంతో చేయలేని స్థితిలో ఉన్నా, అందుబాటులోనే లేకపోయినా తల్లే గార్డియన్. తీర్పొచ్చి పాతికేళ్లు దాటింది, ఇప్పటికీ కొన్ని కౌంటర్ల దగ్గర "ఫాదర్ సంతకం ఏదమ్మా" అని అడుగుతూనే ఉంటారు, అది వేరే సంగతి. పెళ్లి కాని తల్లి విషయంలో చట్టం ముందునుంచీ తల్లినే మొదట పెట్టింది, 2015లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి తండ్రి ఎవరో బయటపెట్టకుండానే ఆమె గార్డియన్‌షిప్‌కి అప్లై చేసుకోవచ్చంది.

భర్త పోయాక ఆవిడ మళ్లీ పెళ్లి చేసుకుంటే పిల్లల మీద హక్కు పోతుందని అత్తింటివాళ్లు బెదిరించడం మామూలే. పోదు. 2022లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక తెలుగు కుటుంబం కేసులో, మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి బిడ్డకి ఏ ఇంటిపేరు పెట్టాలన్నది కూడా ఆవిడే నిర్ణయించుకోవచ్చని తేల్చారు, ఎందుకంటే తండ్రి పోయాక మిగిలిన ఏకైక సహజ సంరక్షకురాలు ఆవిడే. అదే సమయంలో సవతి తండ్రి మాత్రం సహజ సంరక్షకుడు కాడు, చట్టం స్పష్టంగా సవతి తల్లిదండ్రులని పక్కన పెట్టింది. పిల్లల ఆస్తి కాగితాల మీద ఆయన సంతకానికి విలువ లేదు.

ముస్లిం కుటుంబాల్లో లెక్క పూర్తిగా వేరు, హైదరాబాద్, కర్నూలు, కడపల్లో ఆస్తి కొనేవాళ్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. అక్కడ చిన్నపిల్లల్ని దగ్గర పెట్టుకునే హక్కు తల్లికి ఉంటుంది గానీ ఆస్తికి గార్డియన్ తండ్రి, ఆయన వీలునామాలో పెట్టిన మనిషి, తర్వాత తండ్రి తరఫు తాత, ఆయన వీలునామాలో పెట్టిన మనిషి, అంతే. తల్లికి ఆ లిస్టులో చోటు లేదు, కోర్టు ఆమెని గార్డియన్‌గా నియమిస్తే తప్ప. 1918లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో అన్నిటికంటే పై కోర్టు) తల్లి చేసిన అమ్మకం చెల్లనే చెల్లదంది, తర్వాత సుప్రీంకోర్టు కూడా అదే దారిలో నడిచింది. క్రిస్టియన్లకి ప్రత్యేకంగా చట్టం లేదు, అందరికీ ఉమ్మడిగా ఉన్న 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ వాళ్లకి వర్తిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, పైన చెప్పిన హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్‌లో సెక్షన్ 8. సహజ సంరక్షకులు పిల్లల మంచి కోసం అవసరమైన పనులన్నీ చేయొచ్చు: అద్దె వసూలు చేయొచ్చు, పొలం కౌలుకివ్వొచ్చు, పన్ను కట్టొచ్చు, కబ్జా చేస్తే కేసు వేయొచ్చు, రిపేర్లు చేయించొచ్చు. కానీ పిల్లాడిని పర్సనల్‌గా అప్పులో ఇరికించే ఒప్పందం చేయకూడదు. కోర్టు పర్మిషన్ లేకుండా స్థిరాస్తి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, గిఫ్ట్ ఇవ్వకూడదు, మార్చుకోకూడదు, 5 ఏళ్లకి మించి గానీ పిల్లాడు మేజరైన ఏడాది తర్వాత దాకా సాగేలా గానీ లీజుకివ్వకూడదు. ఈ చివరి ముక్క పెట్రోల్ బంకులకీ సెల్ టవర్లకీ స్థలం ఇచ్చేవాళ్లు చూసుకోరు, పిల్లకి 16 ఏళ్లున్నప్పుడు ఆమె వాటా కూడా కలిపి 20 ఏళ్ల లీజు రాసేస్తారు.

రిలీజ్ డీడ్, అంటే వాటా వదులుకున్నట్టు రాసే కాగితం, దాని సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మరిది వచ్చి "వదినా, ఆ ఊళ్లో స్థలంలో పిల్లల పేరు తీసేస్తే అమ్మ పేరు మీదకి మార్పించి తర్వాత చూసుకుందాం, ఊరికే ఒక సంతకమేగా" అంటాడు. ఊరికే పెట్టే సంతకం అంటూ ఏదీ లేదు, పిల్లల హక్కు వదిలేయడం కూడా ఆస్తి బదిలీ కిందకే వస్తుంది, పైగా పిల్లలకి దాంతో వచ్చే లాభం ఏంటో చెప్పలేం.

పర్మిషన్ లేని దస్తావేజు ఎలా ఉంటుందో ఒకసారి చదివి చూడండి, దాదాపు అన్నిట్లో ఒకే వాక్యం కనపడుతుంది. మొదటి పేజీలో "మైనరు గనుక తల్లి మరియు సహజ సంరక్షకురాలు" అని ఉంటుంది, రెండో పేజీలో "మా కుటుంబ అవసరముల నిమిత్తము మరియు మైనర్ల విద్య, పోషణ నిమిత్తము" అని ఉంటుంది, కింద తల్లి రెండుసార్లు సంతకం పెడుతుంది, ఒకటి తనకి, ఒకటి పిల్లాడికి. డాక్యుమెంట్ రైటర్ ఆ లైన్ రాస్తే పని సేఫ్ అని కొన్నవాళ్లకి ధీమా. ఆ లైన్ కోర్టు ముందు పిటిషన్లో ఉండాల్సింది, కోర్టుకి వెళ్లకుండా దస్తావేజులో రాసుకుంటే ఎవరికి చెప్పుకున్నట్టు? రిజిస్ట్రార్ రిజిస్టర్ చేశాడంటే టైటిల్ క్లియర్ అని కాదు, ఆయన పని కాగితం నమోదు చేయడం.

అలాంటి అమ్మకం చెల్లదా మరి? ఇక్కడ చట్టం కొంచెం గమ్మత్తుగా ఉంటుంది. సహజ సంరక్షకులు పర్మిషన్ లేకుండా అమ్మితే అది మొదటినుంచీ చెల్లని అమ్మకం కాదు, పిల్లాడు వద్దంటే కూలిపోయే అమ్మకం. అంటే అప్పటికి నడుస్తూ ఉంటుంది, పిల్లాడు 18 దాటాక "నాకొద్దీ అమ్మకం" అంటే పడిపోతుంది, అలా అడ్డం తిరగడానికి లిమిటేషన్ చట్టం (ఏ కేసు ఎన్నాళ్లలోపు వేయాలో చెప్పేది) అతనికి మేజరైనప్పటినుంచి 3 ఏళ్లు ఇచ్చింది, అంటే మామూలు లెక్కలో 21 నిండే దాకా. 2019లో సుప్రీంకోర్టు ఈ 3 ఏళ్ల గడువుని గట్టిగా పట్టించుకుంది, గడువు దాటాక వస్తే కుదరదంది. 2025 అక్టోబర్‌లో వచ్చిన ఇంకో తీర్పు మాత్రం అందరూ చదవాల్సింది. కర్ణాటకలో దావణగెరె దగ్గర ఒక తండ్రి 1971లో ముగ్గురు కొడుకుల పేరున రెండు ప్లాట్లు కొన్నాడు, వాళ్లు మైనర్లుగా ఉండగానే పర్మిషన్ లేకుండా అమ్మేశాడు, కొడుకులు పెద్దయ్యాక కోర్టుకి పోకుండా అవే ప్లాట్లు నేరుగా ఇంకొకరికి అమ్మేశారు. ముందు అమ్మకాన్ని రద్దు చేయమని దావా వేయలేదు కాబట్టి అది నిలబడుతుందని అవతలివాళ్ల వాదన. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, గడువులోపల వాళ్లే మళ్లీ అమ్ముకోవడమంటే పాత అమ్మకం మాకొద్దని చేతల్లో చెప్పినట్టే, దావా వేసి తీరాలని లేదు అంది. దీని అర్థమేంటో కొనేవాళ్లు ఆలోచించుకోవాలి: మీ మీద ఏ కేసూ లేకపోయినా మీ ఇంటికి ఇంకో ఓనర్ తయారై ఉండొచ్చు.

పిల్లల పేరు మీద ప్లాటు కొనే అలవాటు మనకి మరీ ఎక్కువ కదా, పాప పుట్టగానే ఊరి చివర వెంచర్లో ఒక ప్లాటు, బాబు పుట్టగానే ఇంకోటి. తన లెక్క చూపించే డబ్బుతో కొంటే బినామీ చట్టం అడ్డం రాదు, ఆ భయం అక్కర్లేదు. కానీ కొన్న రోజునుంచే అది పాప ఆస్తి. నాలుగేళ్లకి వ్యాపారంలో డబ్బు ఇరుక్కుని "నా డబ్బుతో నేనే కొన్నాను కదా" అని అమ్మబోతే అక్కడ ఆగిపోతారు, నాన్న అప్పు తీర్చడం పాప అవసరం కాదు కాబట్టి కోర్టు కూడా తేలిగ్గా పర్మిషన్ ఇవ్వదు. అటునుంచి చూస్తే ఇదే పద్ధతి రక్షణ కూడా, కొడుకు అప్పులపాలవుతున్నాడని తెలిసిన తాతయ్యలు కొంతమంది ఇల్లు కొడుక్కి కాకుండా మనవడికి గిఫ్ట్ డీడ్ రాస్తారు, అది తెలివైన పనే, అప్పులవాళ్లు మనవడి ఇంటి జోలికి రాలేరు.

ఈ కోర్టు పర్మిషన్ రూలుకి ఒక పెద్ద మినహాయింపు ఉంది, దాన్ని వాడుకునేవాళ్ల కంటే దుర్వినియోగం చేసేవాళ్లే ఎక్కువ. తాతల నాటి ఉమ్మడి ఆస్తి, ఇంకా పంచుకోలేదు, కుటుంబ పెద్ద చూసుకుంటున్నాడు అనుకోండి, అందులో పిల్లాడికున్న విడదీయని వాటాకి వేరే గార్డియన్ అక్కర్లేదని చట్టమే చెప్తుంది, కుటుంబానికి నిజమైన అవసరం ఉంటే కర్త, అంటే ఆ కుటుంబ పెద్ద, కోర్టు పర్మిషన్ లేకుండా అమ్మొచ్చని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ప్రతి దస్తావేజులోనూ "ఉమ్మడి కుటుంబ ఆస్తి" అని రాసుకోవడం మొదలైంది. కానీ పైన చెప్పుకున్న 80 లక్షల ఇల్లు ఉమ్మడి ఆస్తి కాదు. తండ్రి స్వార్జితం ఆయన పోయాక పిల్లలకి వస్తే అది వాళ్ల వాళ్ల విడి వాటాగానే వస్తుందని సుప్రీంకోర్టు 1986లోనే తేల్చింది, విడి వాటా అంటే పర్మిషన్ కావాల్సిందే. అసలు అది తాతల ఆస్తా స్వార్జితమా అన్నది పేరులో తేలదు, లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) వెనక్కి తిప్పితే తేలుతుంది. నిజంగా తాతల ఆస్తే అయితే మేనత్తల వాటా కూడా గుర్తుపెట్టుకోండి, మన ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు దేశం మొత్తానికంటే ముందే, 1986 సవరణతోనే ఇచ్చారు, 2005లో అందరికీ వచ్చింది.

సరే, పర్మిషన్ ఎలా తెచ్చుకోవాలి? జనం భయపడినంత భూతం కాదు. ఆస్తి ఉన్న జిల్లా కోర్టులో, హైదరాబాద్‌లో అయితే సిటీ సివిల్ కోర్టులో పిటిషన్ వేయాలి. ఆస్తి షెడ్యూల్, పిల్లల వయసు సర్టిఫికెట్లు, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల లిస్టు), మార్కెట్ వాల్యూ సర్టిఫికెట్, ఎందుకు అమ్మాలి, వచ్చిన డబ్బు ఏం చేస్తారు, ఇవన్నీ పెట్టాలి. కోర్టు దగ్గర బంధువులకి నోటీసు ఇవ్వొచ్చు, అత్తగారో బావగారో అభ్యంతరం ఉంటే చెప్తారు, లేకపోతే లేదని అఫిడవిట్ ఇస్తారు. జడ్జి చూసేది రెండే, పిల్లలకి అవసరమా, లేదా పిల్లలకి స్పష్టంగా లాభమా. ఇంటి మీద బ్యాంకు లోన్ ఉండి వేలానికొచ్చే పరిస్థితి, పిల్లకి ఆపరేషన్, పాడుబడి అద్దె కూడా రాని ఇల్లు అమ్మి పిల్లల పేరునే మంచి చోట ఇంకోటి కొనడం, ఇలాంటివి నిలబడతాయి. "పాప పెళ్లికి కట్నం కోసం" అని రాసే లాయర్లు ఇంకా ఉన్నారు, పాపకి 9 ఏళ్లు.

ఆర్డర్ వస్తే అందులో షరతులుంటాయి. మామూలుగా కనపడే షరతు: మైనర్ల వాటా డబ్బు జాతీయ బ్యాంకులో వాళ్లు మేజర్లయ్యే దాకా ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి రసీదు కోర్టులో దాఖలు చేయాలి, చదువుకి వడ్డీ తీసుకోవచ్చు. ఇంత కంటే తక్కువకి అమ్మకూడదని కూడా పెట్టొచ్చు. ఆ ఓపీ (కోర్టులో వేసిన పిటిషన్) నంబరూ తేదీ సేల్ డీడ్‌లో రాయించి, ఆర్డర్ కాపీ జత చేస్తే కొన్నవాళ్లకి నిద్ర పడుతుంది, బ్యాంకు లీగల్ ఒపీనియన్ రాసే లాయర్ కూడా మొదట వెతికేది అదే. నెలలు పడుతుంది, నిజమే. అందుకే బయానా తీసుకునే ముందే అగ్రిమెంట్లో "కోర్టు అనుమతి వచ్చాకే రిజిస్ట్రేషన్, రాకపోతే బయానా వాపస్" అని రాసుకోవాలి, 3 నెలల గడువు పెట్టి సంతకం చేసి తర్వాత కోర్టు చుట్టూ పరుగెత్తితే మొదటికే మోసం వస్తుంది. పర్మిషన్ లేకుండా కొనేవాళ్లు రేటు ఎలాగూ తగ్గించే అడుగుతారు, పైగా తల్లి దగ్గర ఇండెమ్నిటీ బాండ్ (తర్వాత నష్టం వస్తే నేనే భరిస్తానని రాసిచ్చే కాగితం) రాయించుకుని కొంత డబ్బు పిల్లాడికి 18 వచ్చాక ఇస్తామని ఆపుకుంటారు. కోర్టు ఖర్చు మిగిలిందనుకున్నది అక్కడే పోతుంది.

తల్లిదండ్రులిద్దరూ లేకపోతే కథ ఇంకా చిక్కు. తాతయ్య, అమ్మమ్మ, బాబాయ్, మేనమామ వీళ్లెవరూ చట్టప్రకారం సహజ సంరక్షకులు కారు, ఎంత ప్రేమగా పెంచుతున్నా సరే. పెంచుతున్నాను కాబట్టి అమ్ముతాను అంటే కుదరదని అదే హిందూ మైనారిటీ చట్టంలో సెక్షన్ 11 నేరుగా చెప్తుంది. పెదనాన్న అమ్మిన పొలం విషయంలో తల్లి అమ్మినప్పుడు ఉన్న "అప్పటికి నడుస్తుంది" అనే వెసులుబాటు కూడా లేదు. వీళ్లు 1890 చట్టం కింద కోర్టుకెళ్లి గార్డియన్‌గా నియామకం తెచ్చుకోవాలి, ఆ పిటిషన్‌ని మన కోర్టుల్లో జీడబ్ల్యూఓపీ (గార్డియన్స్ అండ్ వార్డ్స్ ఓపీ) అంటారు. కోవిడ్ తర్వాత ఇవి చాలా ఇళ్లలోకి వచ్చాయి. గుజరాత్‌లో అమ్మానాన్న ఇద్దర్నీ కోవిడ్‌లో పోగొట్టుకున్న పిల్లాడి కోసం నాన్నమ్మ తాతయ్య ఒకవైపు, పిన్ని ఒకవైపు పోరాడితే, హైకోర్టు పిన్నికి ఉద్యోగం ఉంది, వయసు తక్కువ అని ఆమెకి ఇచ్చింది, 2022లో సుప్రీంకోర్టు దాన్ని తిప్పేసి నాన్నమ్మ తాతయ్యలకి ఇచ్చింది, వయసూ ఆదాయమూ మాత్రమే చూసి తాతల కంటే పిన్ని మేలు అని తేల్చడం సరికాదని. కొంచెం పెద్దపిల్లలైతే జడ్జి వాళ్లనే పిలిచి ఎవరి దగ్గర ఉంటావని అడుగుతారు, ఆ మాట ఒక్కటే తేల్చేయదు గానీ బరువు ఉంటుంది.

కోర్టు నియమించిన గార్డియన్ మీద పట్టు ఎక్కువ. బాండ్ రాయమనొచ్చు, 6 నెలల్లోపు పిల్ల ఆస్తులూ అప్పులూ అన్నీ లిస్టు రాసి ఇమ్మనొచ్చు, ఎప్పటికప్పుడు లెక్కలు దాఖలు చేయమనొచ్చు, తేడా చేస్తే తీసేయొచ్చు. మేనమామ ఆస్తి తినేస్తాడేమోనని భయపడే బాబాయ్ అయినా, బాబాయ్ తినేస్తాడని భయపడే మేనమామ అయినా, తిట్టుకునే బదులు ఆ లెక్కలు కోర్టులో అడగొచ్చు, దానికి దారి ఉంది.

ఇంత దూరం రాకుండా చేసే పని ఒకటుంది, వీలునామాలో గార్డియన్ పేరు రాయడం. మనవాళ్లకి 35 ఏళ్లకి వీలునామా అంటే అపశకునం. తండ్రి రాయొచ్చు, తల్లీ రాయొచ్చు. తండ్రి వీలునామాలో తన తమ్ముడిని గార్డియన్‌గా పెట్టినా తల్లి బతికుంటే తల్లే గార్డియన్, తమ్ముడి పేరు పక్కన ఉంటుంది, తల్లి కూడా ఎవర్నీ పెట్టకుండా పోతేనే అది బయటికొస్తుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలు. నన్నడిగితే పిల్లని పెంచేవాళ్లూ డబ్బు చూసేవాళ్లూ ఒకరే కాకుండా ఇద్దరి పేర్లు వేరువేరుగా రాయడం మంచిది, పిల్ల పిన్ని దగ్గర పెరిగితే డబ్బు బాబాయ్ చూస్తాడు, ఒకరి లెక్క ఒకరు అడుగుతారు, పండగకి మాటలు కూడా ఉంటాయి.

డబ్బు విషయం భూమి కంటే తేలిక. ఇన్సూరెన్స్‌లో పిల్లని నామినీగా పెడితే అపాయింటీ (పిల్ల మైనరుగా ఉంటే ఆమె తరఫున డబ్బు తీసుకునే పెద్దమనిషి) అని ఇంకో గడి ఉంటుంది, ఏజెంట్ అడక్కపోతే ఖాళీగా వదిలేస్తారు, అది నింపండి. అప్పులున్న వ్యాపారస్తులైతే పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ యాక్ట్ కింద తీసుకుంటే ఆ డబ్బు భార్యాపిల్లల ట్రస్టుగా ఉంటుంది, అప్పులవాళ్లు ముట్టుకోలేరు, మీరూ తర్వాత మార్చలేరు. యాక్సిడెంట్ కేసుల్లో ట్రిబ్యునల్ పిల్లల వాటా మేజరయ్యే దాకా డిపాజిట్‌లో పెట్టించడం ఎప్పటినుంచో ఉంది. సుకన్య అకౌంట్ అమ్మమ్మలు తాతయ్యలు తెరిచి ఉంటే, వాళ్లు లీగల్ గార్డియన్లు కాకపోతే తల్లిదండ్రుల పేరుకి మార్చుకోవాలని 2024 అక్టోబర్ నుంచి రూల్. మ్యూచువల్ ఫండ్‌లో మైనర్ ఫోలియోకి (ఖాతాకి) జాయింట్ హోల్డరూ ఉండరు, నామినీ ఉండరు. 10 ఏళ్లు దాటిన పిల్లలు బ్యాంకు పెట్టిన లిమిట్లలో సొంతంగా ఖాతా నడుపుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో మళ్లీ స్పష్టం చేసింది, తల్లి గార్డియన్‌గా ఖాతా తెరవొచ్చని కూడా అందులో ఉంది. పిల్లల వడ్డీ, అద్దె ఆదాయం తల్లిదండ్రుల్లో ఎక్కువ సంపాదించేవాళ్ల ఆదాయంలో కలుస్తుంది, పిల్ల తన టాలెంట్‌తో సంపాదించింది మాత్రం కలవదు. సినిమాల్లో, టీవీ షోల్లో చేసే పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం పిల్ల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని 2017 రూల్స్‌లో ఉంది, ఎంతమంది తల్లిదండ్రులకి తెలుసో మరి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్లకి రెండు చోట్లా పని ఉంటుంది. పిల్లలు అక్కడ పెరుగుతుంటే వాళ్లని ఎవరి చేతిలో పెట్టాలన్నది అక్కడి కోర్టు తేలుస్తుంది, అక్కడి వీలునామాలో గార్డియన్ పేరు లేకపోతే ఇండియానుంచి అమ్మమ్మ విమానం దిగేలోపు పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా ప్రశ్నే. అక్కడ ఇన్సూరెన్స్ డబ్బు మైనర్ చేతికి నేరుగా ఇవ్వరు, ట్రస్టో కస్టోడియనో ముందే పెట్టుకోవాలి. గుంటూరులో పొలం మాత్రం గుంటూరు కోర్టు సంగతే, పిల్ల అమెరికన్ సిటిజన్ అయినా ఆస్తి ఉన్న చోట జిల్లా కోర్టులో పిటిషన్ వేయొచ్చని చట్టంలో ఉంది.

ఇక పిల్లకి 18 నిండిన రోజునుంచి గార్డియన్ సంతకం పనిచేయదు. ఒకప్పుడు కోర్టు గార్డియన్ ఉంటే 21 దాకా మైనరే, 1999లో అది తీసేశారు. పాన్ కార్డు ఫొటో, సంతకంతో మార్చుకోవాలి, బ్యాంకులో కొత్త సంతకం ఇవ్వాలి, మ్యూచువల్ ఫండ్‌లో మైనర్ నుంచి మేజర్‌గా మార్చుకునే దాకా సిప్ కూడా ఆగిపోతుంది, రెవెన్యూ రికార్డులో పేరు పక్కన మైనర్ అన్నది తీయించుకోవాలి. తండ్రి లేకుండా పెరిగిన పిల్లలైతే ఇవన్నీ అయ్యాక ఒకరోజు మీసేవకి వెళ్లి, నాన్న పోయిన తేదీనుంచి ఇప్పటిదాకా ఆయన పేరున్న ప్రతి సర్వే నంబరుకీ ఇంటికీ ఈసీ తీయించుకోండి, అందులో మీ పేరుతో ఎవరైనా సంతకం పెట్టి ఉంటే ఆ కాగితం తీసుకుని 21 నిండకముందే లాయర్ దగ్గరికి వెళ్లండి.